మిట్టమధ్యాహ్నం కొండెక్కే నీళ్లు

నాగార్జునసాగర్ డ్యాంకు 26 గేట్లు. 2023 నవంబరు 30న, తెలంగాణలో ఓట్లు పడే రోజు ఇంకా తెల్లవారకముందే, ఆంధ్రప్రదేశ్ పోలీసులు వచ్చి 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. ఆ తర్వాత కేంద్ర బలగాలు కాపలాకు దిగాయి. విజయపురి నుంచి వచ్చే యాత్రికులకు ఇవన్నీ పట్టవు. గేట్లెత్తినప్పుడు పైకి లేచే నీటి పొగ చూసి, ఫొటో తీసుకుని, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోతారు. అసలు చూడవలసిన వింత డ్యాం అడుగున, విద్యుత్ కేంద్రంలో ఉంది. అక్కడ ఎనిమిది యంత్రాలు. ఒకటి 110 మెగావాట్లది, మామూలు టర్బయిను. మిగతా ఏడూ ఒక్కొక్కటి 100.8 మెగావాట్లవి, రెండు వైపులా తిరిగేవి. నీళ్లు కిందికి దిగుతుంటే కరెంటు పుట్టిస్తాయి. అదే యంత్రానికి కరెంటు పెట్టి ఎదురు తిప్పితే కింది నీళ్లను మళ్లీ జలాశయంలోకి ఎక్కిస్తాయి. 1970ల చివర మొదలుపెట్టి 1985 దాకా వీటిని ఒక్కొక్కటిగా బిగించారు. దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఇలాంటి ఆలోచన చేసిన తొలి చోట్లలో ఇదొకటి. ఇవాళ బ్యాటరీ, నిల్వ అంటూ పత్రికలు కొత్త మాటలా రాస్తున్నదాన్ని కృష్ణ ఒడ్డున మన ఇంజనీర్లు నలభై ఏళ్ల కిందటే బిగించి పెట్టారన్నమాట.

బిగించారు కానీ, చాలాకాలం ఆ యంత్రాలు ఒక వైపే తిరిగాయి. కారణాలు రెండు. ఒకటి కంటికి కనిపించేది. పైకి తోడాలంటే కింద నీళ్లు నిలిచి ఉండాలి. డ్యాం దిగిన నీళ్లు ఆగకుండా కిందికి పోతుంటే పంపు దేన్ని తోడుతుంది? దిగువన సత్రశాల దగ్గర ఆ నీటిని ఆపే టెయిల్‌పాండ్ కట్ట పూర్తయ్యేసరికి యంత్రాలు బిగించి మూడు దశాబ్దాలు దాటింది. రెండో కారణం కంటికి కనిపించదు గానీ అదే పెద్దది. తోడడానికి మిగులు కరెంటు కావాలి. కోతలతో సతమతమయ్యే 1980, 90ల్లో, లాంతర్లు తుడిచి పెట్టుకునే ఊళ్లున్న రాష్ట్రంలో, నీళ్లను వెనక్కి ఎక్కించడానికి ధారపోసేంత కరెంటు ఎవరి దగ్గరుంది? దాచుకోవడం అనేది మిగిలినవాడికి వచ్చే ఆలోచన. నిల్వ గురించి ఎవరు మాట్లాడినా ముందు ఒప్పుకోవలసిన సంగతి ఇది: నిల్వ తనంత తాను ఒక్క యూనిట్ కూడా పుట్టించదు, పైగా కొంత తింటుంది. ఒక గంటలో విలువ లేని యూనిట్‌ను తీసుకుపోయి విలువ ఉన్న గంటలో దింపడమే దాని పని. గంటకూ గంటకూ విలువలో తేడా లేనిచోట దానికి పని లేదు.

మరి నూరేళ్లుగా కరెంటు వాడుతున్న లోకానికి ఈ ఆలోచన ఇప్పుడే ఎందుకు తగిలింది? జవాబు ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఆవరణలో నల్లగా కుప్ప పోసి ఉంది. బొగ్గే నిల్వ. ఎప్పుడు కావాలంటే అప్పుడు బాయిలర్లో వేసుకోవచ్చు, వద్దనుకుంటే కుప్ప కుప్పలాగే ఉంటుంది. బొగ్గుతో బతికినన్నాళ్లూ మనం కోట్ల సంవత్సరాల నిల్వను ఉచితంగా వాడుకున్నాం, అది నిల్వ అని కూడా గుర్తించలేదు. ఎండకూ గాలికీ ఆ గుణం లేదు. వాటిని కుప్ప పోయలేం. అందుకే నిల్వ అనేది సౌర విద్యుత్తుకు తగిలించే అలంకారం అనుకోవడం పొరపాటు. బొగ్గును తీసేస్తే దానితో పాటు పోయే గుణాన్ని తిరిగి తెచ్చుకోవడం అది. సౌర విద్యుత్తు చవక అని లెక్క చెప్పేవాళ్లు ఈ ఖర్చు కూడా కలిపి చెప్పాలి. ఖరీదు అని కొట్టిపారేసేవాళ్లు, ఇన్నాళ్లూ బొగ్గు కుప్ప చేసిపెట్టిన ఊడిగానికి విడిగా ధర కట్టలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

సాగర్ నుంచి మాచర్ల, యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరి, అక్కడ నల్లమల ఘాట్ ఎక్కితే శ్రీశైలం. పులుల అడవి కనుక రాత్రి చెక్‌పోస్టులు మూస్తారు. పగలు మాత్రం కోతులూ భక్తుల బస్సులూ సమానంగా తిరుగుతుంటాయి. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. సాగర్ నిండితే దాని వెనక నీళ్లు శ్రీశైలం డ్యాం పాదాల దాకా వస్తాయి. అంటే పైన ఒక చెరువు, కింద ఒక చెరువు, నడుమ దాదాపు మూడు వందల అడుగుల తేడా. నీటితో కరెంటు దాచుకోవడానికి ప్రకృతి, ప్రభుత్వం కలిసి అమర్చిపెట్టిన చోటు. ఎడమ గట్టున కొండ కడుపులో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, అన్నీ రెండు వైపులా తిరిగేవే. జపాన్ అప్పుతో కట్టి 2001, 2003 మధ్య నడిపించారు. 2020 ఆగస్టులో ఆ సొరంగ కేంద్రంలోనే మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. కుడి గట్టున ఆంధ్రప్రదేశ్ కేంద్రం, 770 మెగావాట్లు, అది ఒక వైపు తిరిగేదే.

ఇంత చక్కటి చోటు నిల్వకు పనికివచ్చిన దానికంటే తగాదాకు ఎక్కువ పనికివచ్చింది. 2021 జూన్ చివర తెలంగాణ తన జల విద్యుత్ కేంద్రాలను పూర్తి సామర్థ్యంతో నడపమంది. డ్యాముల దగ్గర ఇరువైపులా పోలీసులు మోహరించారు. సీమవాళ్ల ఫిర్యాదు సూటిగా ఉంటుంది: మట్టం 854 అడుగుల కింద పడితే పోతిరెడ్డిపాడు తూములకు నీళ్లు సరిగా అందవు, మా కాలువలు ఎండబెట్టి మీరు బల్బులు వెలిగించుకుంటారా? తెలంగాణ జవాబూ అంతే సూటిగా ఉంటుంది: ఇది మొదట జలవిద్యుత్ ప్రాజెక్టుగానే పుట్టింది, మా ఎత్తిపోతలకు కరెంటు వద్దా? ఈ వాదంలో ఎవరిది న్యాయమో ఇక్కడ తేల్చబోవడం లేదు. గమనించవలసిందల్లా ఒకటే. సాయంత్రం దించిన నీళ్లు మర్నాడు మధ్యాహ్నం తిరిగి పైకి వచ్చే మాటే నిజమైతే, మట్టం పడిపోతుందన్న భయంలో సగం ఉండదు. యంత్రాలకు ఆ శక్తి ఉంది. లేనిది నమ్మకం. దించినవాడు తిరిగి ఎక్కిస్తాడని, ఎక్కించడానికి అయ్యే కరెంటు ఫలానా వాళ్లు భరిస్తారని రాసుకుని, కట్టుబడే ఏర్పాటు ఉండాలి. సేద్యం, తాగునీరు, వరద కాపలా, కరెంటు అన్నీ ఒకే జలాశయం నెత్తిన పెట్టి, దానికి ఇద్దరు యజమానులుంటే, నీళ్లు దించే గంటను గ్రిడ్ నిర్ణయించలేదు. రాజకీయం నిర్ణయిస్తుంది. గంట చేతిలో లేని నిల్వ, నిల్వ కిందికి రాదు.

ఆత్మకూరు, నందికొట్కూరు దారిలో కర్నూలు చేరి, నంద్యాల రోడ్డు పడితే నేల రంగు మారిపోతుంది. ఓర్వకల్లు దగ్గర తెల్లటి పలుగురాళ్ల గుట్టలు, వాటికి ఎడంగా చుక్కల్లా మేకలు. కాస్త లోపలికి పోతే గని, శకునాల గ్రామాల మధ్య దాదాపు 5,900 ఎకరాల్లో సోలార్ పార్కు. 2017లో వెయ్యి మెగావాట్లతో పూర్తయ్యేనాటికి ఒకే చోట ఉన్న సౌర పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదన్నారు. తర్వాత దాన్ని మించినవి చాలా వచ్చాయి. మధ్యాహ్నం పన్నెండింటికి ఈ అద్దాల చేను విరగకాస్తుంది. చిక్కు కూడా అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే రాజస్థాన్‌లో, గుజరాత్‌లో, పావగడలో కూడా అదే గంటకు విరగకాస్తుంది. టమాటా రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పత్తికొండ మార్కెట్లో అందరి పంటా ఒకేసారి దిగిన రోజున ధర ఏమవుతుందో, ఎన్ని గంపలు రోడ్డున పోస్తారో అందరికీ తెలుసు. కరెంటు సంతలో రోజును పావుగంటల చొప్పున 96 గడులుగా కోసి అమ్ముతారు. 2025 మేలో ఒక ఆదివారం పగటి గడుల్లో కొన్నిటికి రియల్ టైమ్ మార్కెట్ ధర సున్నా దాకా దిగింది. పొద్దు గూకాక అదే యూనిట్‌కు, గిరాకీ రోజుల్లో, నియంత్రణ మండలి పెట్టిన పది రూపాయల పరిమితిని తాకే ధర పలుకుతుంది. వస్తువు అదే, తీగ అదే, నడుమ ఆరేడు గంటల దూరం. సాగర్ ఇంజనీర్లకు ఆనాడు దొరకని మిగులు ఇదే. వాళ్లు రాత్రి బొగ్గు కేంద్రాల మిగులుతో నీళ్లు తోడుదామనుకున్నారు, అది ఎన్నడూ సరిగా మిగల్లేదు. ఇప్పుడు మిగులు పట్టపగలు వస్తోంది.

ఆ అద్దాల చేనుకు కొద్ది దూరంలోనే, పాణ్యం మండలం పిన్నాపురం గుట్టల మీద ఒక చెరువు, కింద ఒక చెరువు తవ్వారు. గ్రీన్‌కో సంస్థ ప్రాజెక్టు, 2022 మే నెలలో గుమ్మితం తండా దగ్గర శంకుస్థాపన జరిగింది. నిల్వ భాగం 1,680 మెగావాట్లు, ఆరు గంటలు. అంటే పై చెరువు నిండుగా ఉంటే సుమారు కోటి యూనిట్లు. దీనికీ శ్రీశైలానికీ పెద్ద తేడా ఒకటుంది. ఇది ఏ నది మీదా లేదు. గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి నీళ్లు తెచ్చి నింపుకుంటే, తర్వాత ఆ నీళ్లే పైకీ కిందికీ తిరుగుతుంటాయి. ఏటా ఎండకు ఆవిరయ్యేది మాత్రం మళ్లీ పోసుకోవాలి. దీని కింద ఆయకట్టు లేదు, దీని తూము కోసం రెండు రాష్ట్రాలు కొట్టుకోవు. ఎప్పుడు దించాలన్నది గ్రిడ్ చెప్పినట్టు జరుగుతుంది. ఇలా నీళ్లు పైకెక్కించి కరెంటు దాచే కొత్త పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు నదులకు ఎడంగా, గుట్టల మీదికి పోవాలని నేననేది ఇందుకే. కాంక్రీటు లెక్కలు దీనికి కొంత కారణమే. ఆ గంట మీద ఒకే ఒక చేయి ఉండడం అంతకన్నా పెద్ద కారణం.

నీటితో కరెంటు దాచడం ఎంత మోటు పనో తెలియాలంటే ఒక లెక్క వేసుకోవచ్చు. అయిదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకరును నూరు మీటర్ల ఎత్తుకు చేరిస్తే, ఆ నీళ్లలో దాగిన శక్తి యూనిట్‌న్నరకు కూడా తక్కువే. ఒక ఇంట్లో ఏసీ గంటసేపు తిరిగితే చెల్లు. అదే శక్తికి లిథియం బ్యాటరీ అయితే ఒక మనిషి చంకన పెట్టుకుని నడిచిపోవచ్చు. మరి ఇంత మోటు పద్ధతి ఎందుకు నిలబడింది? ట్యాంకర్లను వదిలేసి టీఎంసీల్లో ఆలోచిస్తే తెలుస్తుంది. ఒక టీఎంసీ నీళ్లు నూరు మీటర్లు ఎక్కితే 77 లక్షల యూనిట్లు. నష్టాలు పోను అందులో చాలా భాగం చేతికొస్తుంది. నీళ్లు పాతబడవు, తుప్పు పట్టవు, వెయ్యి సార్లు ఎక్కిదిగినా వాటి బలం తగ్గదు. కట్ట, సొరంగం బాగా కడితే నలభై యాభై ఏళ్లు నడుస్తాయి. కనుమల అంచున చదును నెత్తి ఉన్న గుట్టలు, పక్కనే పల్లం, దండిగా ఎండ ఉన్న సీమకు ఇది వరస కుదిరిన సంబంధం.

అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది: నూరు యూనిట్లు మింగి డెబ్బయ్యయిదు, ఎనభై మాత్రమే తిరిగిచ్చేది లాభసాటి ఎలా అవుతుంది? నూరు గింజలు దాస్తే ఇరవై ఎలుక తినేసే గాదెను ఎవరు కడతారు? నిజానికి అందరూ కట్టారు. పంట రోజున గింజకు ధర లేదని, ఆరు నెలలకు ఉంటుందని తెలిసినప్పుడు ఎలుక వాటా ఇచ్చి కూడా గాదె కట్టుకున్నారు. పైగా ఆ ఇరవై యూనిట్లు పోతాయని బాధపడేవాళ్లు, నిల్వ లేకపోతే నూటికి నూరూ పోయే మధ్యాహ్నాలను లెక్కలోకి తెచ్చుకోవాలి. గ్రిడ్ మోయలేనప్పుడు సౌర కేంద్రాలను ఆపుకోమంటారు. బొగ్గు కేంద్రాలను పగలు సగానికి కాస్త పైన ఈడుస్తూ ఉంచాలి, ఎందుకంటే ఒకసారి పూర్తిగా ఆర్పితే సాయంత్రానికి లేవలేవు. అలా ఈడ్చడంలో కాలిపోయే బొగ్గు కూడా నష్టమే, అది ఎవరి లెక్కలోనూ విడిగా కనిపించదు, అంతే.

రెండో అభ్యంతరం బలమైనది. బ్యాటరీ ఉండగా గుట్టలు తవ్వడం ఎందుకు? 2022లో కేంద్ర సంస్థ పిలిచిన టెండరులో రెండు గంటల బ్యాటరీకి మెగావాట్‌కు నెలకు 10.84 లక్షల రూపాయల అద్దె పలికింది. మూడేళ్లు తిరిగేసరికి అదే రకం టెండర్లలో రెండు లక్షల పైచిల్లరకు దిగింది. ఈ వేగం చూసి గుండె ఆగని పంప్డ్ స్టోరేజీ పెట్టుబడిదారుడు ఉండడు. బ్యాటరీకి కొండ అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, సబ్‌స్టేషన్ పెరట్లో కంటైనర్లు దించితే ఏడాదిలో పని మొదలు. కన్ను మూసి తెరిచేలోగా కరెంటు వదులుతుంది, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారితే పట్టుకుంటుంది, ఆ పని నీళ్లకు అంత బాగా రాదు. తిరిగిచ్చే లెక్కలోనూ దానిదే పైచేయి, నూటికి ఎనభై అయిదుకు పైనే. నా మటుకు, రెండు నుంచి నాలుగు గంటల పనికి బ్యాటరీ గెలిచేసిందనే అనుకుంటాను. ఆ పని కోసం ఇంకా గుట్ట తవ్వే ప్రతిపాదనలుంటే పక్కన పెట్టడం మంచిది. అయితే మన సాయంత్రం రెండు గంటలతో అయిపోదు. వేసవిలో ఆరింటికి మొదలైన గిరాకీ, పడకగది ఏసీలు వచ్చాక, అర్ధరాత్రి దాకా దిగడం లేదు. గంటలు పెరిగేకొద్దీ బ్యాటరీకి ఖర్చు దాదాపు అదే వరసలో పెరుగుతుంది. చెరువుకు మాత్రం కట్ట ఇంకాస్త లేపితే చాలు, యంత్రాలు అవే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 ప్రణాళికలో 2031-32 నాటికి దేశానికి 74 గిగావాట్ల దాకా నిల్వ కావాలని, అందులో మూడో వంతుకు పైగా పంప్డ్ స్టోరేజీ, మిగతాది బ్యాటరీ అని లెక్క కట్టారు. బ్యాటరీ ధరలు ఇలా పడుతుంటే ఆ వాటాలు మారతాయి. రెండూ కావాలన్న మాట మాత్రం మారేలా లేదు.

మూడో మాట పల్లెల నుంచి వస్తుంది: దాచడం ఎందుకు, పగలే వాడేయొచ్చుగా. ఇది అందరి కంటే తెలివైన మాట. ఆంధ్రప్రదేశ్‌లో బోరు మోటార్లకు పగటిపూట తొమ్మిది గంటల కరెంటు అన్న ఏర్పాటు సగం నిల్వ పనే. కరెంటును దాచకుండా నీళ్లను మడిలో దాస్తున్నాం. రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని స్టార్టరు దగ్గరికి పోయి పాము కాటు తిన్న తరం ఇంకా ఉంది, కనుక దీని విలువ గ్రిడ్ లెక్కల్లో ఇమిడేది కాదు. కానీ దీనికీ హద్దుంది. ఉచితంగా, పగలంతా, ఎండ ఉన్నంతసేపూ తోడుతుంటే అనంతపురం బోర్లు ఎంత లోతుకు పోయాయో తెలిసిందే. పగటి మిగులును పాతాళ జలంతో చెల్లు వేసుకోవడం ఒక నిల్వను తెచ్చి మరో నిల్వను ఖాళీ చేయడమే. పైగా సాయంత్రం వంట, దీపం, ఫ్యాను మధ్యాహ్నానికి జరగవు.

నాలుగోది భూమి. పిన్నాపురం గుట్టలను కాగితం మీద బీడు అనేయడం సులువు. గొర్రెల కాపరి అడిగితే బీడు అనే మాటకు అర్థం లేదని చెబుతాడు. తూర్పు కనుమల్లో ఇది ఇంకా తీవ్రం. ఎగువ సీలేరు దగ్గర జెన్‌కో తలపెట్టిన 1,350 మెగావాట్లది పాత జలాశయాలను వాడుకునే పథకం కనుక కొంత నయం. అదే కనుమల్లో కొత్తగా ప్రకటించిన పథకాల పేరెత్తితే గిరిజన గ్రామాలు వాగుల గురించి, పోడు గురించి, గ్రామసభ అనుమతి గురించి అడుగుతున్నాయి. ఆ ప్రశ్నలకు గ్రిడ్ అవసరం జవాబు కాలేదు. నంద్యాల వైపు చెట్టులేని గుట్టలు చాలా ఉండగా, అరకు అడవికే పోవాలన్న వాదం నాకు నిలబడేలా తోచదు.

ఇక ముసురు. శ్రావణంలో వారం రోజులు మబ్బు కమ్మితే ఆరు గంటల చెరువు ఏం చేస్తుంది? ఏమీ చేయలేదు. ఈ మాట దాచి నిల్వను అమ్మడం మోసం. అయితే దక్కనులో ముసురు వట్టి చేతులతో రాదు. ఎండ తగ్గిన నెలల్లోనే సీమ గుట్టల మీద గాలిమరలు ఉధృతంగా తిరుగుతాయి, కృష్ణకు వరద వస్తుంది, శ్రీశైలం, సాగర్ యంత్రాలు రాత్రింబవళ్లు నడుస్తాయి. పాత డ్యాములకు తగిన పని అది: రుతువును మోయడం. రోజును మోసే పని గుట్ట మీది చెరువుకు, గంటను మోసే పని బ్యాటరీకి. వరద తప్పిన ఏడు మాత్రం బొగ్గు కుప్పే దిక్కు. అది ఇంకా చాలా ఏళ్లు ముద్దనూరులో ఉంటుంది, కాకపోతే తగులబెట్టే రోజులు తగ్గుతాయి.

నంద్యాల దాటి, ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరు చేరి ఎడమకు తిరిగితే పోరుమామిళ్ల. ఊరి చెరువు 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, ఉదయగిరి ఏలేటప్పుడు తవ్వించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని శాసనంలో లెక్క రాశారు. ఖర్చు, గడువు రాతి మీద చెక్కించే ధైర్యం నేటి ప్రాజెక్టులకు ఉందో లేదో. ఆ సంస్కృత శాసనం చెరువుకు పన్నెండు సాధనాలు చెబుతుంది: జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, గట్టి నేల, కొండల నడుమ అనువైన చోటు, దగ్గర్లో రాతి గని, పని తెలిసిన మనుషులు, ఇలా. వెంటనే ఆరు దోషాలు చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి. చవిటి నేల ఒకటి. నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం విడివిడిగా రెండు. చెరువు నడుమ మెరక ఉండడం ఇంకొకటి. మిగిలిన దోషం, చెరువు రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండడం.

రాసినవాడు 13వ గేటు చూడలేదు. కట్ట మీద నిలబడితే పొద్దు వాలుతూ ఉంటుంది. ఆయకట్టు మడుల్లో నీళ్లు ఇంకా పారుతుంటాయి, ఎవరూ మోటారు వేయకుండానే, ఎత్తు నుంచి పల్లానికి. మైదుకూరు వైపు ఊళ్లలో ఒక్కొక్కటిగా దీపాలు వెలుగుతాయి, పావుగంట పావుగంటకూ గడి మారుతుంది, ధర ఎక్కుతూ ఉంటుంది.